తవిటమ్మ అరచెయ్యి

“…ఎయ్యమన్నాడని ఇంకెన్నాళ్లు సెప్తావు? నడుం లోతు నీళ్లల్లో నిలబడ్డ మనిసి మిషను ఎయ్యమంటాడేటి? నా మొగుడు పిచ్చోడేటి?”

“నానేటి సెప్పీది వదినా. ఎయ్యమన్నాడు, ఏసాను. అంతే.”

“ముందునాడే పేకల కాడ నువ్వూ ఆడూ కాలర్లు పట్టుకున్నంత పని సేసారు. లైనంతా సూసింది.”

“పేకల కాడ తగువొస్తే మనిసిని సంపీసుకుంటారేటి వదినా?”

గోడకు ఇవతల నులకమంచం మీద పడుకున్న బైరాగికి ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది. వినకూడదనుకున్నా కుదరదు. ఆ లైన్లలో ఇంటికీ ఇంటికీ నడుమ ఉన్నది ఒంటి ఇటుక గోడ. పక్కింట్లో పోపు మాడితే ఈ ఇంట్లో దగ్గొస్తుంది. పైగా ఈ తగువు కొత్తదేం కాదు. రెండేళ్లుగా కుళాయి దగ్గరో, రేషన్ షాపు వరసలోనో పక్కింటి పున్నమ్మకు నరసింహం కనబడితే చాలు, చేతిలో ఉన్నది కింద పెట్టి మొదలుపెడుతుంది. నరసింహం తల వంచుకుని అవే నాలుగు ముక్కలు చెబుతాడు.

ఈసారి మాత్రం నరసింహమే ఆమె గుమ్మంలోకి వచ్చాడు. ఎందుకొచ్చాడో లైనందరికీ తెలుసు. వచ్చే ఆదివారం క్లబ్బు గదిలో పెద్దలు కూర్చుంటున్నారు. నరసింహం లైన్లో ఉండాలా, పెట్టే బేడా సర్దుకుని ఊరవతల బడ్జ్ బడ్జ్‌లో బావమరిది పంచకు చేరాలా అన్నది ఆ రోజు తేలుతుంది. క్వార్టరు ఆఫీసువాళ్లదే గానీ, లైను వద్దన్నాక అందులో కాపురం చేసినవాడెవడూ లేడు. పున్నమ్మ ఉండనిమ్మంటే ఉంటాడు, పొమ్మంటే పోతాడు అని లైను పెద్ద గవరయ్య ముందే చెప్పేశాడు. తనకు చెడ్డపేరు రాకుండా తీర్పు చెప్పడంలో గవరయ్యను మించినవాడు లేడు.

తలుపు దభీమని మూసుకున్న చప్పుడయింది. నరసింహం చెప్పుల చప్పుడు బైరాగి కిటికీ ముందునుంచి మెల్లగా దూరమైంది.

కలకత్తాలో బెలియాఘాటా కాలవ పక్కనున్న ఆ ఇళ్లను బెంగాలీలు మద్రాసీ లైన్ అంటారు. ఉన్నవాళ్లలో ఒక్కడూ మద్రాసు చూసి ఎరగడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతలు రోడ్లూడవడానికి వచ్చారు, తండ్రులు మురుగుకాలవల్లో దిగారు. పున్నమ్మ మొగుడు పోలయ్య, నరసింహం మురుగునీటి పంపుహౌసులో ఒకే షిఫ్టు. మురుగుతో వచ్చే చెత్తను ఆపే జాలీకి పట్టిన ప్లాస్టిక్కు, గుడ్డపేలికలు పోలయ్య గోతిలోకి దిగి గంపకెత్తేవాడు. నరసింహం పైన మిషను దగ్గర ఉండేవాడు. ఆ రోజు వాన. కరెంటు పోయింది. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి పదేళ్లు దాటినా కలకత్తాలో కరెంటు మాత్రం తనకు తోచినప్పుడే వచ్చేది. మిషను ఆగిన సందు చూసుకుని పోలయ్య ఇనుప నిచ్చెన దిగాడు. కొంతసేపటికి కరెంటొచ్చింది. వచ్చిందని నరసింహం కేకేశాడు. కిందనుంచి బదులు వినిపించింది. బొత్తాం నొక్కాడు. నీళ్ల లాగుడుకి పోలయ్య జాలీ కిందికి వెళ్లిపోయాడు.

ప్రమాదమని బెంగాలీలో రాసుకుని ఆఫీసువాళ్లు ఫైలు మూశారు. పోలయ్య ఉద్యోగం పున్నమ్మకు ఇచ్చి మునిసిపల్ ఆసుపత్రి వరండాలు ఊడవమన్నారు. ఆఫీసుకు అక్కడితో అయిపోయింది. లైనుకు అవలేదు.

బైరాగికి పంతొమ్మిది. బి.కాం. మధ్యలో మానేశాడు. లెక్చరరు పాత నోట్సే ఏటేటా చదువుతుంటే, ఇది కాలేజీ స్ట్రీట్‌లో ఫుట్‌పాత్ మీదే అమ్ముతున్నారు కదా, మీరు గొంతు నొప్పెట్టుకోవడం దేనికని మొహం మీదే అడిగాడు. తరవాత ఆ గేటు తొక్కబుద్ధి కాలేదు. లిలువా వర్క్‌షాపులో కొన్నాళ్లు, సియాల్దా దగ్గర ప్రెస్సులో కొన్నాళ్లు పనిచేశాడు. ఎక్కడా నిలవలేదు. కూర్చుంటే కాళ్లు పీకుతాయి. దొరికిన ట్రామెక్కి అది ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోయి తిరిగొస్తాడు. నోటికి గడియ లేనివాడని లైన్లో పేరు. పూజ పందిట్లో గవరయ్య కూతురు పాడితే, పిల్లకి జలుబు చేసిందా అని గవరయ్యనే అడిగాడు. అబద్ధం మాత్రం ఆడడు. పుణ్యానికి కాదు. ఆడినదాన్ని గుర్తుపెట్టుకుని తిరగడం అతనికి విసుగు.

నరసింహం విషయంలోనూ అతనికొక అభిప్రాయం ఉంది. అబద్ధమాడేవాడు రెండేళ్లలో దానికి కొంచెమైనా నగిషీ పెడతాడు. వాన హోరులో సరిగా వినబడలేదంటాడు, చీకటంటాడు. నరసింహం ఒక్క ముక్క మార్చలేదు. ఎయ్యమన్నాడు, ఏసాను. అందువల్ల అతను చెప్పేది నిజమే అయి ఉండాలి. నిజమైతే పోలయ్య ఎందుకలా అన్నట్టు? అక్కడికొచ్చి బైరాగి ఆలోచన ఆగిపోయేది.

మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గాక బయటికొచ్చి నిలబడ్డాడు. పక్కింటి ముందు పోలయ్య కూతురు తవిటమ్మ ఆరిన బట్టలు తీస్తోంది.

ఆ పిల్లకు పదహారేళ్లు. ఆమె ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదని, పుట్టగానే గవరయ్య పెళ్లానికి చేటెడు తవుడికి అమ్మి మళ్లీ తెచ్చుకున్నారు. పేరు అలా వచ్చింది. బడిలో బెంగాలీ పిల్లలకు నోరు తిరక్క తోబు అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ. అన్నా అనాల్సిన చోట బెంగాలీవాళ్లలా దా అంటుంది. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల కొంచెం పక్కకి వాల్చి ఉంటుంది. లైన్లో ఆమెను సుకుమారి అని వెక్కిరిస్తారు. బోరింగు కొట్టాలంటే చేతికి చున్నీ చుట్టుకుంటుంది. ట్రామెక్కితే ఇనుప కడ్డీ పట్టుకోదు, చెక్క సీటు అంచు పట్టుకుని ఊగుతుంది.

అన్నిటికన్నా విచిత్రం ఆ నిచ్చెన. పోలయ్య పోయాక పంపుహౌసులో సిమెంటు మెట్లు కట్టి పాత నిచ్చెన గోడవతల పారేశారు. మొగుడు చివరిసారి దిగిన నిచ్చెన పాతసామాన్లవాడి పాలవడం ఇష్టం లేక పున్నమ్మ దాన్ని ఠేలాబండి మీద తెప్పించి ఇంటిగోడకు ఆనించింది. అప్పటినుంచి ఆ ఇంటి బట్టలన్నీ దానిమీదే ఆరుతాయి. తవిటమ్మ ఇప్పుడు కూడా కుడిచేతికి పాతచీర పేలిక చుట్టుకునే ఒక్కో బట్టా లాగుతోంది.

“ఏటే, ఆ నిచ్చెన కరుస్తాదేటి నిన్ను?” అన్నాడు బైరాగి.

మామూలుగా అయితే నవ్వేసి లోపలికి పోయేది. ఇవాళ ఆగింది.

“కరవదు బైరాగిదా. మాటాడతాది.”

ఎగతాళి చేస్తోందనుకుని అతను మొహం చూశాడు. ఎగతాళి లేదు. బట్టలు లోపల పడేసి వచ్చి, కాలవగట్టు మీదికి వస్తే చెబుతానంది. వాళ్లమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్లిపోయింది. ఇద్దరూ గట్టు మీద నడిచి చిన్న వంతెన దాకా వెళ్లారు. కింద నల్లటి నీళ్ల మీద ఎండ పడి అదీ ఒక నదేమో అనిపిస్తోంది.

పదమూడో ఏట మొదలైందట. బోరింగు కొడుతుంటే పిడిలోంచి ఆడవాళ్ల మాటలు చెవిలోకి కాదు, అరచేతిలోకి వచ్చాయి. చేతిలోంచి మోచేతికి పాకి, అక్కడ మాటలయ్యాయి. ముందు భయపడింది. తరవాత దాని పద్ధతి తెలిసింది. ఇనుమును పట్టుకుని ఎవరైనా మనసుపెట్టి ఏదైనా అంటే అది అందులో ఉండిపోతుంది. పట్టుకోకుండా ఎంత అరిచినా ఉండదు. ఇత్తడిలో రాదు, రాగిలో రాదు. బడి గేటు పట్టుకుంటే పరీక్షలు తప్పిన అమ్మాయిల ఏడుపంతా ఒక్కసారి వస్తుంది. ట్రాము కడ్డీలో మాత్రం మంచి మాటలు కూడా ఉంటాయంది. ఎవరో ముసలాయన శ్యామ్‌బజార్ మలుపు దగ్గర భార్యతో, దిగేటప్పుడు నా భుజం పట్టుకో, సిగ్గుపడకు అన్న మాట ఆ నంబరు ట్రాములో ఎప్పుడెక్కినా వినిపిస్తుందట.

క్లాసులో మీఠూ అనే పిల్ల ఉంది. టీచరు ఎవర్ని లేపుతుందో ముందే తెలుస్తుంది ఆ పిల్లకి. పేరు పిలవకముందే లేవాల్సిన అమ్మాయి వైపు జాలిగా చూస్తుంది. ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది గానీ, ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు. టిఫినులు మార్చుకుంటారు, అంతే.

పదమూడో ఏటే వాళ్లమ్మకు చెప్పింది. పున్నమ్మ హడలిపోయి చిత్‌పూర్‌లో దయ్యాలు వదిలించే ఎవరో ఓఝా దగ్గరికి తీసుకెళ్లింది. గాలి సోకింది, ఇనుము కడితే పోతుందన్నాడు. చేతికి ఇనుప కడియం తొడిగాడు.

బైరాగి నవ్వు ఆపుకోలేకపోయాడు. తవిటమ్మ కూడా నవ్వింది.

“ఆ కడియం చేసిన కమ్మరోడు పెళ్లాన్ని తిట్టుకుంటా చేసేడు. నాకు రేతిరంతా అయే తిట్లు. కాలవలో పడేసి ఎక్కడో జారిపోయిందన్నాను. తగ్గిపోయిందని చెప్పీసాను.”

ఇంతా విన్నాక కూడా బైరాగి నమ్మలేదు. నమ్మలేదని చెప్పాడు కూడా. ఆమె పేలిక విప్పి వంతెన ఇనుప కమ్మీ మీద అరచెయ్యి ఆనించింది. కళ్లు మూసుకోలేదు, పూనకం రాలేదు. బజారులో వంకాయ నొక్కి చూసినట్టు ఉంది వాలకం.

“నిన్న నువ్వు ఈ కమ్మీ పట్టుకుని నిలబడ్డావు. ఏ ఉద్యోగమూ చెయ్యకపోతే మనిషిని కాదేటి అని పైకే అన్నావు. బెంగాలీలో అన్నావు. తరవాత మీ నాన్న పేరెట్టి ఓ మాటన్నావు, అది నేను చెప్పను.”

బైరాగి చెవులు కాలాయి. ఆ వంతెన మీద నిన్న చీమ కూడా లేదు. జేబులోంచి బీడీ తీశాడు. వెలిగించకుండా మళ్లీ లోపల పెట్టాడు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. నిచ్చెన ఇంటికొచ్చిన రోజు, అది ఆ గోతిదేనని తెలియక, బండి మీంచి దింపడానికి ఒక చెయ్యి వేసింది. అందులో వాళ్ల నాన్న గొంతుంది. మిషను ఎయ్యమంటోంది. నరసింహం బాబాయి అబద్ధం చెప్పడం లేదని ఆమెకు ఆ రోజే తెలిసింది.

“మరి రెండేళ్లు నోరు మూసుకుని కూర్చున్నావేటి? ఒక మనిషిని ఊరంతా హంతకుణ్ని చేస్తావుంటే?” అన్నాడు బైరాగి. మెత్తగా అడగడం అతనికి రాదు.

ఆమె కాలవలోకి చూస్తూ నిదానంగా చెప్పింది. ఆ పొద్దున్న అమ్మకీ నాన్నకీ పెద్ద గొడవైంది. పేకాట మీదే. నువ్వు ఇంటికి రాకపోయినా నాకేం బెంగలేదని అమ్మ అంది. నాన్న చద్దన్నం గిన్నె ముట్టకుండా వెళ్లాడు. అలా వెళ్లినవాడు నీళ్లల్లో నిలబడి మిషను ఎయ్యమన్నాడంటే దానర్థం ఏమిటి? చావాలనుకున్నాడనే కదా. అది అమ్మకు చెప్పాలా? నరసింహం బాబాయిని తిట్టుకుంటూ అయినా అమ్మ బతుకుతోంది. ఆ తిట్టు తన మీదికి తిరిగితే ఏమవుతుంది? అందుకే చెప్పలేదు. కానీ ఆదివారం ఆయన్ని పంపించేస్తారు. చేయనిదానికి ఆయన పోతాడు. 

బైరాగి కమ్మీ మీదికెక్కి కూర్చున్నాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. ఏదో ఒకటి సరిపోవడం లేదు. అదేమిటో తెలియక విసుగొచ్చింది.

“ఉండు. ఇనుమును పట్టుకుని అన్నదే ఉంటాదన్నావు కదా.”

“ఊఁ.”

“అంటే మీ నాన్న నిచ్చెన పట్టుకుని అన్నాడు.”

“ఊఁ.”

“చావాలనుకున్నోడు గోతి మధ్యలో నిలబడాలి గానీ వచ్చి నిచ్చెన పట్టుకుంటాడేటే?”

ఆమె తలెత్తింది. ఈ ముక్క ఆమెకు ఇన్నాళ్లూ తట్టలేదు. గొంతు వినబడగానే చెయ్యి లాగేసుకుంది, మళ్లీ దానిమీద వెయ్యలేదు. అర్థం కోసం వెతుక్కుంది గానీ, ఆయన ఎక్కడ నిలబడి అన్నాడో ఆలోచించలేదు.

“ఎయ్యమన్నాడు అని అందరూ అంటారు. మీ నాన్న అన్న మాటేటి? అర్థం వద్దు. ఆ మాటే అను. ఎలాగన్నాడో అలాగే.”

తవిటమ్మ కాసేపు పెదాలు తడుపుకుంది. తరవాత తన గొంతు కాని గొంతుతో, అలసటగా అంది.

“సాలు. సాలు.”

బైరాగి కమ్మీ మీంచి దిగాడు.

పంపుహౌసులో పని నడిచేది రెండు మాటల మీద. చాలూ అంటే మిషను నడిపించు, బంద్ అంటే ఆపు. బెంగాలీవాడు, బీహారీవాడు, తెలుగువాడు అందరికీ అవే మాటలు. ఇద్దరు తెలుగువాళ్లే ఉన్నా మిషను దగ్గర తెలుగు ఉండదు. పోలయ్య నోటికి చ అక్షరం తిరగదు. చాయ్ అతనికి సాయ్, చీర సీర. మిషను చాలూ కూడా సాలూయే. ఇన్నేళ్ల అలవాటు మీద నరసింహం చెవి ఆ మాటను మిషను మాటగానే అందుకుంది. విచారణలో అడిగితే బెంగాలీలో చాలూ అన్నాడని చెప్పి ఉంటాడు, వాళ్లు రాసుకున్నారు. లైన్లో అడిగితే దాన్ని తెలుగు చేసి ఎయ్యమన్నాడని చెప్పాడు. ఆ చెప్పడంలో మాట పోయి అర్థం ఒక్కటే మిగిలింది. ఆ అర్థం తప్పుది. ఈ పిల్ల కూడా ఎయ్యమన్నాడనే కథ విన్నాకే నిచ్చెన ముట్టుకుంది.

“మీ అమ్మ రెండోసారి అన్నం వడ్డించబోతే మీ నాన్న ఏమనీవోడు?” అని అడిగాడు.

తవిటమ్మ ఎడంచెయ్యి తనకు తెలియకుండానే, లేని కంచం మీద అడ్డంగా పెట్టింది. పెట్టి, ఆ చేతిని తనే చూసుకుంది. అక్కడే వంతెన మీద చతికిలబడింది.

కరెంటొచ్చిందని పైనుంచి కేక వినబడింది. చాలు, ఇవాళ్టికి ఎత్తిన గంపలు చాలు, నేనొచ్చేస్తున్నాను అని నిచ్చెన మీద చెయ్యి వేశాడు. అంతే. పోలయ్య చావాలనుకోనూ లేదు, నరసింహం చంపిందీ లేదు. తెలుగులో బయల్దేరిన మాట పైకి చేరేసరికి బెంగాలీ అయిపోయింది.

ఆమె చాలాసేపు ఏడ్చింది. పెద్దగా కాదు. బైరాగికి ఓదార్చడం రాదు, అందుకని పక్కన నిలబడి, ఎవరైనా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. అవతలి గట్టు మీద ఒకడు గేదెను కడుగుతున్నాడు. మళ్లీ కరెంటు పోయినట్టుంది, దూరంగా ప్లైవుడ్ మిల్లు రంపం గొంతు నీరసించి ఆగిపోయింది.

ఏడుపు తగ్గాక, ఇందులో చిక్కేముంది, పద, సాయంత్రం మీ అమ్మ రాగానే చెప్పేద్దాం అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చెబితే చెయ్యి సంగతీ చెప్పాలి. చెబితే అమ్మ ఓఝా దగ్గరికి తీసుకెళ్లదిప్పుడు. ఆ భయం లేదు. వేరే భయం. రోజూ నిచ్చెన పట్టుకోమంటుంది. పట్టుకుని, ఏమన్నాడో మళ్లీ చెప్పమంటుంది. పొద్దున ఓసారి, డ్యూటీ నుంచి వచ్చాక ఓసారి. తను కాదనలేదు. ఇద్దరూ ఆ నిచ్చెన దగ్గరే ఉండిపోతారు. తనకు పన్నెండో క్లాసు పాసవ్వాలని ఉంది, నర్సు ట్రైనింగుకు పోవాలని ఉంది. నాన్న ఆఖరి మాటకు కాపలా ఉండాలని లేదు. ఈ చివరి ముక్క ఆమె సిగ్గుపడుతూ అంది. బైరాగికి మాత్రం ఆ రోజు విన్నవాటిలో అన్నిటికన్నా న్యాయమైన మాట అదే అనిపించింది. అనిపించిందని చెప్పాడు.

మరైతే నరసింహాన్నే పిలిచి, పోలయ్య అన్న మాటేమిటో అతనిచేతే నలుగురిలో చెప్పిద్దాం అన్నాడు.

“బాబాయి చెప్తే అమ్మ నమ్మదు. పంపించేస్తారని తెలిసి కొత్త కథ అల్లుకొచ్చాడంటాది. ఆయన నోట్లోంచి ఏదొచ్చినా అంతే. ఇంకెవరైనా విన్నట్టుండాలి.”

ఇంకెవరున్నారని అడగబోయి బైరాగి ఆగాడు. ఆమె తనవైపే చూస్తోంది. ఆ చూపు అతనికి నచ్చలేదు. ఆమె తొందరేమీ పడలేదు. పేలిక తీసి మళ్లీ అరచేతికి చుట్టుకుంటూ, ఒక్కో చుట్టుకూ ఒక్కో మాట అన్నట్టు చెప్పింది.

“ఆ రోజుల్లో నువ్వు కాలేజీ ఎగ్గొట్టి తిరిగీవోడివి. ఎక్కడెక్కడ తిరిగావో ఎవరికీ తెలీదు. వానకి పంపుహౌసు రేకు కింద ఆగేనని చెప్పు. నాన్న సాలు సాలు అనడం విన్నానని చెప్పు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, ఆ మాటకి అర్థం ఇప్పుడు తట్టిందని చెప్పు. అది నిజమే కదా. నువ్వు ఎవరి మొహం చూసీ మాట మార్చవని లైనందరికీ తెలుసు. గవరయ్య తాత కూడా నీకు ఎదురు చెప్పడు. అమ్మ కూడా నమ్ముతాది. ఆదివారం నలుగురిలో నిలబడి, నాకోసం ఈ ఒక్క అబద్ధం ఆడు బైరాగిదా.”